ముట్టుగుడ్డ నుండి రబ్బరు గిన్నె వరకు

1967 ఆగస్టులో నాగార్జునసాగరము ఎడమ కాలువకు నీరు వదలిరి. ఆ నీటితో మిర్యాలగూడ, వేములపల్లి, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములలోని మెట్టభూములు క్రమముగా మాగాణములైనవి. నాటి నుండి ఈ సీమకు వరియే ప్రధానమైన పంట. వరికి నాటు ముఖ్యము. నాటు వేయువారు స్త్రీలు. ఉదయము మొదలు సాయంకాలము వరకు బురదనీటిలో నడుము వంచి నారు నాటు కూలిస్త్రీకి నెలకు నాలుగైదు దినములు మరియొక భారము తోడగును. పొలములో చాటు లేదు, గుడ్డ మార్చుకొనుటకు చోటు లేదు, కడుపునొప్పి యని చెప్పుకొనుటకు నోరు రాదు. ఒక దినము మానినచో ఆ దినపు కూలి పోవును.

ఈ భారమును తేలిక చేయుటకు మానవులు కల్పించిన సాధనములకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ నొప్పికి కారణమేమో శాస్త్రజ్ఞులు కనుగొనిన చరిత్ర మరియొకటి కలదు. ఈ రెండును విజ్ఞానశాస్త్ర గ్రంథములలో చాలకాలము మూలపడి యుండినవి. స్త్రీల విషయమని పురుషులు పట్టించుకొనలేదు. సిగ్గుపడవలసిన విషయమని స్త్రీలు పలుకలేదు. ఆ మౌనమునకు మన తెలుగునాట చెల్లించిన మూల్యము స్వల్పమైనది కాదు. ఆ సంగతి ముందు ముందు తెలియగలదు.

నెలసరి యననేమి?

గర్భాశయము పిడికెడు పరిమాణము గల కండరపు సంచి. దాని లోపలి గోడకు మెత్తని పొర ఒకటి ప్రతి నెలయు పెరుగుచుండును. అండాశయము నుండి అండము వెలువడిన పిమ్మట, పిండము ఏర్పడినచో దానికి పానుపుగా ఉపయోగపడుటకే ఆ పొర సిద్ధమగును. పిండము ఏర్పడనిచో అండాశయములో పుట్టు ప్రొజెస్టిరోను అను హార్మోను తగ్గిపోవును. పొరకు ఆధారము తప్పి అది విడిపోయి, కొంత రక్తముతో కలిసి వెలుపలికి వచ్చును. ఇదియే నెలసరి, ముట్టు, బహిష్టు అని పలు పేర్లతో పిలువబడుచున్నది.

ఇందు పోవు రక్తమెంత? చూచువారికి చాల పోవుచున్నట్లు తోచును గాని, స్వీడను దేశములో హాల్‌బెర్గు మున్నగువారు 1966లో కొలిచి చూచినపుడు ఒక ముట్టునకు సగటున సుమారు 43 మిల్లీలీటర్లని తేలినది. అనగా చిన్న టీగ్లాసులో సగము. 80 మిల్లీలీటర్లకు మించినచో అది అధిక రక్తస్రావము. అట్టివారికి రక్తహీనత కలుగును. మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. కనుక ఈ కొలత కేవలము పుస్తకములకు పరిమితమైన విషయము కాదు.

లేని విషమును గూర్చిన సిద్ధాంతము

ముట్టయిన స్త్రీ తాకినచో మొక్కలు వాడునని, పచ్చళ్లు పాడగునని మన పల్లెలలో చెప్పుకొనుట కలదు. ఇట్టి నమ్మకము మన దేశమునకే పరిమితమని తలచుట పొరపాటు. వియన్నా నగరమునకు చెందిన బేలా షిక్ ప్రసిద్ధుడైన వైద్యశాస్త్రజ్ఞుడు. కంఠసర్పి వ్యాధికి సంబంధించి ఆయన కనిపెట్టిన పరీక్ష ఆయన పేరనే ప్రసిద్ధమైనది. అట్టివాడు 1920లో ఒక వ్యాసము ప్రకటించెను. ముట్టయిన పనిమనిషి చేతిలో పూలు త్వరగా వాడిపోయినవనియు, ఆమె దేహము నుండి ఒక విషము వెలువడుచున్నదనియు ఆయన భావించి, దానికి ‘మెనోటాక్సిను’ అని పేరు పెట్టెను. తరువాత ఇతరులు జాగ్రత్తగా ప్రయోగములు చేసినపుడు ఆ సిద్ధాంతము నిలువలేదు. ముట్టురక్తములో పొరముక్కలు, రక్తము, స్రావములు తప్ప విషమేదియు లేదు.

ఈ కథలో విద్యార్థులు గ్రహింపదగిన నీతి కలదు. గొప్పవాడు చెప్పినంత మాత్రమున ఒక మాట శాస్త్రము కానేరదు. మరల మరల చేసినను అదే ఫలితము వచ్చిన ప్రయోగమే శాస్త్రము. ముందుగా ఉన్న నమ్మకమును వెంటబెట్టుకొని ప్రయోగశాలలో ప్రవేశించినచో, ప్రయోగశాలలో గూడ నమ్మకమే కనబడును.

గుడ్డ, దూది, యుద్ధము

ప్రపంచమున అనేక దేశములలో అతి ప్రాచీనమైన సాధనము పాతగుడ్డయే. నూలుబట్ట తడిని పీల్చును, చర్మమునకు మెత్తగా నుండును, ఉతికి మరల వాడవచ్చును, ఖర్చు లేదు. అందలి దోషము గుడ్డలో లేదు, దానిని దాచు పద్ధతిలో ఉన్నది. ఇతరుల కంటబడునను సిగ్గుచే గుడ్డను ఎండలో ఆరవేయక, చీకటిమూలలలోను, ఇతర బట్టల క్రిందను ఆరవేయుదురు. తడి పూర్తిగా ఆరని గుడ్డలో శిలీంధ్రములు, సూక్ష్మజీవులు పెరుగును. ఒడిషా రాష్ట్రములో ఆసుపత్రులకు వచ్చిన 486 మంది స్త్రీలను పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనములో, మరల మరల వాడు గుడ్డలు ఉపయోగించువారిలో జననమూత్రావయవముల అంటుదోషములు ఎక్కువగా కనబడినవి. ఆ రాష్ట్రములోనే 2018లో వెలువడిన మరియొక అధ్యయనములో, గుడ్డలను ఇంటిలోపల ఆరవేయుటకును శిలీంధ్రదోషమునకును సంబంధము కనబడినది. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేసిన గుడ్డ మంచి సాధనమే. సిగ్గు కారణముగా ఎండను పోగొట్టుకొనుటయే ఇక్కడి చిక్కు.

పారవేయు ప్యాడును అమ్ముటకు అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీవారు 1896లో యత్నించిరి. సరుకు మంచిదే గాని, దుకాణములో అడిగి కొనుటకు స్త్రీలు సిగ్గుపడినందున అది అమ్ముడుపోలేదు. అనంతరము మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. గాయములకు కట్టుటకు దూది చాలక, కింబర్లీ–క్లార్కు కంపెనీవారు చెట్టుగుజ్జుతో దూదివంటి పదార్థమును తయారు చేసిరి. అది దూది కంటె చౌక, దూది కంటె ఎక్కువ తడిని పీల్చును. యుద్ధరంగములోని నర్సులు ఆ కట్టుబట్టలను తమ నెలసరికి వాడుకొనిరి. యుద్ధము ముగిసి సరుకు మిగిలిపోగా, కంపెనీవారు 1920లో దానిని ‘కోటెక్సు’ అను పేర ప్యాడుగా అమ్మజూపిరి. ఈ ఆవిష్కరణకు మూలము ఆ నర్సుల అనుభవమేయని చెప్పవచ్చును.

ఆ కాలపు ప్యాడును నడుమునకు కట్టిన పట్టీకి తగిలించుకొనవలసి వచ్చెడిది. మేరీ బియాట్రిసు డేవిడ్‌సన్ కెన్నరు అను అమెరికా నీగ్రోజాతి స్త్రీ సర్దుకొనుటకు వీలైన పట్టీని కల్పించి 1956లో పేటెంటు పొందెను. వెనుకవైపు జిగురు గల ప్యాడ్లు 1969–70 ప్రాంతమున వచ్చిన పిమ్మట పట్టీలు మూలబడినవి. అటుపిమ్మట తన బరువునకు అనేక రెట్లు నీటిని పీల్చుకొని జిగటముద్దయగు సోడియము పాలీఆక్రిలేటు చేరి, ప్యాడు పలుచనైనది. పలుచనైన కొలది సుఖము పెరిగినది. కాని పై పొరయు క్రింది పొరయు ప్లాస్టిక్కగుటచే, వాడి పారవేసిన ప్యాడు మట్టిలో కలియుటకు శతాబ్దముల కాలము పట్టునని నిపుణులు అంచనా వేయుచున్నారు.

గిన్నె కథ

లోపల ఉంచుకొను సాధనములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది టాంపాను. ఎర్ల్ హాసు అను అమెరికా వైద్యుడు గొట్టముతో లోపలికి చేర్చు దూదివత్తిని కల్పించి 1933లో పేటెంటు పొందెను. రెండవది గిన్నె, లేక కప్పు. లియోనా చామర్సు అను అమెరికా నటి రబ్బరు గిన్నెకు 1937లో పేటెంటు పొందెను. గిన్నె రక్తమును పీల్చదు, పట్టి ఉంచును. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చి రబ్బరు దొరకనందున ఆ వ్యాపారము ఆగిపోయినది. ఒక యుద్ధము ప్యాడునకు జన్మనిచ్చినది. మరియొక యుద్ధము గిన్నెను మూలకు త్రోసినది. ఈ శతాబ్ది ఆరంభమున వైద్యములో వాడు సిలికోనుతో గిన్నెలు తయారైన పిమ్మటనే అవి లోకమున వ్యాపించినవి.

టాంపాను చరిత్రలో ఒక చేదు ఘట్టము కలదు. ఎక్కువ పీల్చు శక్తిగల కృత్రిమ పదార్థములతో చేసిన ‘రిలై’ అను టాంపాను అమెరికాలో విరివిగా అమ్ముడుపోయినది. 1980లో అనేకమంది స్త్రీలకు హఠాత్తుగా తీవ్రజ్వరము, రక్తపుపోటు పడిపోవుట, ఒంటిపై ఎర్రని దద్దు కలిగినవి. స్టెఫిలోకాకసు అను సూక్ష్మజీవి విడుదల చేయు విషమే దీనికి కారణము. ఆ ఏడాది సెప్టెంబరులో ఆ సరుకును బజారు నుండి ఉపసంహరించిరి. ఎక్కువ పీల్చునదే మేలని తలచి, గంటల తరబడి మార్చక ఉంచుకొనుట ప్రమాదమని నాడు వైద్యలోకము నేర్చుకొన్నది. ఈ కారణముననే టాంపానును 8 గంటలకు మించి ఉంచరాదని నేడు పెట్టెల మీద ముద్రించుచున్నారు.

గిన్నెలను గూర్చి లభించిన 43 అధ్యయనములను, 3,319 మంది అనుభవములను కలిపి పరిశీలించి 2019లో లాన్సెటు వైద్యపత్రికలలో ఒకదాని యందు సమీక్ష ప్రకటించిరి. గిన్నె ప్యాడునకును టాంపానునకును తీసిపోదనియు, అలవాటగుటకు కొన్ని నెలలు పట్టుననియు, తగిన జాగ్రత్తతో వాడినచో సురక్షితమనియు ఆ సమీక్ష సారాంశము. కేరళలో ఆలప్పుళ పురపాలక సంఘమువారు 2019లో వేలకొలది గిన్నెలను ఉచితముగా పంచిరి. ఎర్నాకుళము జిల్లాలోని కుంబళంగి గ్రామమును 2022లో ప్యాడ్లు లేని గ్రామముగా ప్రకటించిరి.

నొప్పికి మూలము

ముట్టునొప్పి కేవలము మనోవికారమని, పెండ్లియై బిడ్డ పుట్టినచో అదియే పోవునని చాలకాలము వైద్యులు గూడ చెప్పుచుండిరి. దాని మూలము బయటపడుటకు పట్టిన దారి విచిత్రమైనది. స్వీడను శాస్త్రజ్ఞుడు ఫాన్ ఆయిలరు 1935లో వీర్యములో ఒక పదార్థమును కనుగొని, అది ప్రోస్టేటు గ్రంథి నుండి వచ్చుచున్నదని తలచి ‘ప్రోస్టాగ్లాండిను’ అని పేరు పెట్టెను. 1957లో ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమున పికిల్సు అను శాస్త్రజ్ఞుడు ముట్టురక్తములో కండరములను ముడుచుకొనజేయు పదార్థము కలదని చూపెను. తరువాతి ఏండ్లలో అది ప్రోస్టాగ్లాండినులేయని తేలినది.

పొర విడిపోవునపుడు ఈ పదార్థములు వెలువడి గర్భాశయ కండరమును బిగియజేయును. కండరము గట్టిగా బిగిసినపుడు దానికి రక్తప్రసారము తగ్గి నొప్పి కలుగును. ఈ పదార్థములు రక్తములో కలిసి ప్రేగులను గూడ కదలించుటచే కొందరికి విరేచనములు, వాంతి, తలనొప్పి వచ్చును. ఎవరిలో ప్రోస్టాగ్లాండినులు ఎక్కువో వారికి నొప్పి ఎక్కువ. ఇది మనసులోని బాధ కాదు, కండరములోని బాధ.

1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఆస్పిరిను వంటి మందులు ప్రోస్టాగ్లాండినుల తయారీనే ఆపునని నిరూపించెను. 1982లో ఆయనకును, స్వీడనుకు చెందిన బెర్గ్‌స్ట్రామ్, సామ్యూల్సన్ అను వారికిని నోబెలు బహుమానము లభించినది. ఐబుప్రొఫెను, మెఫెనమిక్ ఆమ్లము మున్నగు మాత్రలు ముట్టునొప్పికి పనిచేయు రహస్యమిదియే. ఈ సిద్ధాంతము తెలిసినవారికి మరియొక సంగతియు బోధపడును: నొప్పి ముదిరిన పిమ్మట కంటె, అది మొదలగునపుడే మాత్ర వేసికొనుట మేలు, ఏలయన పదార్థము తయారుకాకుండ ఆపుటయే ఆ మందు పని. పరగడుపున వేసికొనరాదు. కడుపులో పుండు, ఉబ్బసము, మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని అడుగక వాడరాదు.

వేడినీటి కాపడము అమ్మమ్మల కాలము నాటిది. 2001లో అమెరికాలో జరిపిన పరీక్షలో, పొత్తికడుపుపై సుమారు 39 డిగ్రీల వేడిని ఎడతెగక తగిలించుట ఐబుప్రొఫెనుతో సమానముగా నొప్పిని తగ్గించినది. పాత ఆచారములలో దేనిని విడువవలెనో, దేనిని నిలుపుకొనవలెనో నిర్ణయించుటకు ప్రయోగమే కొలబద్ద. పూలు వాడునను మాట ఆ కొలబద్దకు నిలువలేదు, కాపడము నిలిచినది.

తెలుగునాట చెల్లించిన మూల్యము

2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారెందరని అడిగిరి. దేశమంతటికి నూటికి 3.2. ఆంధ్రప్రదేశములో 8.9, తెలంగాణములో 7.7. ఈ రెండును దేశములో మొదటి రెండు స్థానములు. శస్త్రచికిత్స జరిగిన వయస్సులో మధ్యస్థము దేశమునకు 34 సంవత్సరములు. అనగా వీరిలో సగము మంది ముప్పదినాలుగు నిండకమునుపే గర్భసంచిని పోగొట్టుకొన్నవారు.

ఇందు కొందరికి చికిత్స నిజముగా అవసరమై యుండవచ్చును. కాని ఎక్కువ మంది చెప్పిన కారణము అధిక రక్తస్రావము లేక నొప్పి. వీటిలో అనేకము మందులతో నయమగునవి. కూలికి పోవు స్త్రీకి ప్రతి నెలయు బాధ. పిల్లలు పుట్టిన పిమ్మట సంచి ఎందుకను మాట. ఉంచినచో క్యాన్సరు వచ్చునను బెదరింపు. ఇవన్నియు కలిసి ఆమెను శస్త్రచికిత్స బల్లపైకి నెట్టినవి. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో ఈస్ట్రోజెను హఠాత్తుగా ఆగిపోవును. ఎముకలు గుల్లబారును, గుండెజబ్బుల భయము పెరుగును. అనవసరమైన ఈ శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రము 2022లో మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. వాటిని అమలుపరుపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2023 ఏప్రిలులో రాష్ట్రములను ఆదేశించినది. ప్రోస్టాగ్లాండినుల కథ 1982 నాటికే నోబెలు సభకు చేరినది. అది మన పల్లెకు చేరుటలో జరిగిన ఆలస్యమే ఈ అంకెలలో కనబడుచున్నది.

ముల్కలపల్లి బాలికలు

మన దేశమున ప్యాడు చౌకయగుటకు కోయంబత్తూరు వాసియైన అరుణాచలం మురుగానందం చేసిన కృషి ప్రసిద్ధము. ఆయన చెట్టుగుజ్జును విడదీసి, అదిమి, అతికించు చిన్నయంత్రములను కల్పించి 2006లో మద్రాసు ఐ.ఐ.టి. వారిచే బహుమానమును, 2016లో పద్మశ్రీని పొందెను. ప్రభుత్వము 2011లో గ్రామీణ బాలికలకు ఆరు ప్యాడ్ల పొట్లమును 6 రూపాయలకు ఆశా కార్యకర్తల ద్వారా అందించు పథకమును ప్రారంభించినది. 2018 జూలైలో ప్యాడ్లపై వస్తుసేవల పన్నును ఎత్తివేసిరి. జన ఔషధి దుకాణములలో 2019 ఆగస్టు నుండి ప్యాడు ధర ఒక రూపాయికి దిగినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ అను పేర 7 నుండి 12వ తరగతి వరకు చదువు బాలికలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితముగా నిచ్చు కార్యక్రమమును ఆరంభించినది.

ఇవి పెద్దలు చేసిన పనులు. పూర్వపు నల్లగొండ జిల్లాలో భాగమై, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న ముల్కలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలికలు చేసిన పని వేరు. బజారు ప్యాడులోని ప్లాస్టిక్కును తొలగింపవలెనని తలచి, వారు చెరువులను ఆక్రమించు గుర్రపుడెక్కను ముడిసరుకుగా ఎన్నుకొనిరి. దానికి వేపాకు, పసుపు, మెంతులు, సబ్జాగింజలు చేర్చి ‘స్త్రీరక్ష’ ప్యాడు తయారు చేసిరి. 2020లో రాష్ట్రస్థాయిన జరిగిన పాఠశాలల ఆవిష్కరణ పోటీలో ఇది పలువురి మెప్పు పొందినది.

ఇందలి శాస్త్రము స్పష్టమైనదే. గుర్రపుడెక్క కాడలో గాలి గదులు మెండు. అందువలననే అది నీటిపై తేలును. ఎండినపుడు ఆ గదులును, వాటి సెల్యులోజు గోడలును ద్రవమును పీల్చుకొనును. సబ్జాగింజ నీటిలో ఉబ్బి జిగురుపొర కట్టుట ప్రతి ఇంటిలో చూచునదే. పిల్లలు ప్రయోగశాల పరికరములతో గాక, కంటియెదుట నున్న వస్తువుల గుణములతో ఆలోచించిరి. ఇట్టి కల్పన వాడుకకు రావలెనన్నచో ప్రమాణములను దాటవలెను. భారతీయ ప్రమాణముల ప్రకారము ప్యాడు, నిమిషమునకు 15 మిల్లీలీటర్ల చొప్పున పోసిన 30 మిల్లీలీటర్ల ద్రవమును అడుగునకు గాని ప్రక్కలకు గాని కారనీయక పీల్చవలెను. ఆమ్లక్షార సూచిక 6 నుండి 8.5 మధ్య నుండవలెను. ఇందలి మొదటి పరీక్షను కొలపాత్ర, రంగునీరు, గడియారముతో ఏ ఉన్నత పాఠశాలలోనైనను చేసి చూడవచ్చును.

ఎన్నుకొనుట ఎట్లు?

2019–21 సర్వేలో 15 నుండి 24 ఏండ్లవారిలో నూటికి 64 మంది ప్యాడ్లను, 50 మంది గుడ్డను వాడుచున్నట్లు తేలినది. అనగా కొందరు రెంటిని కలిపి వాడుచున్నారు. ఇందు తప్పులేదు. అందరికిని మంచిదైన సాధనము ఒకటి లేదు. ఎవరి పనికి, ఎవరి నీటివసతికి, ఎవరి చేతిలోని సొమ్మునకు తగినది వారికి మంచిది. ఎండ, నీరు, సబ్బు దొరకు ఇంటిలో నూలుగుడ్డ చాలును. బడిలోను ప్రయాణములోను ప్యాడు సులభము. దానిని నాలుగైదు గంటలకొకసారి మార్చవలెను, కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయవలెను, మరుగుదొడ్డిలో పడవేయరాదు. దినమంతయు పొలములో నిలుచు స్త్రీకి 12 గంటల వరకు ఉంచుకొనదగిన సిలికోను గిన్నె మేలైనది కావచ్చును. ఒకటి కొన్నచో కొన్ని సంవత్సరములు వచ్చును. ప్రతి ముట్టునకు నడుమ నీటిలో మరిగించవలెను. పెట్టుటకు తీయుటకు ముందు చేతులు కడుగవలెను. గర్భనిరోధక లూపు ధరించినవారు వైద్యుని సలహా పొందవలెను. ఏ సాధనమైనను ఎవరును బలవంతము చేయరాదు.

బాలికలు వైద్యుని చూడవలసిన గుర్తులు కొన్ని కలవు: గంటకొక ప్యాడు తడియుట, ముట్టు ఏడు దినములకు మించుట, మాత్రకు లొంగక బడి మాన్పించు నొప్పి, ముట్టు లేని దినములలో గూడ నొప్పి. వీటి వెనుక రక్తసంబంధ వ్యాధియో, గర్భాశయపు పొర వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిసో ఉండవచ్చును. వీటికి చికిత్సలు కలవు. మొదట అడుగవలసిన ప్రశ్న కారణమేమని. సంచిని తీయుదమాయను ప్రశ్న అన్నిటికంటె చివరిది.

ఉన్నత పాఠశాల జీవశాస్త్రములో కౌమారదశను గూర్చిన పాఠము కలదు. అనేక తరగతులలో ఆ పాఠమును ‘ఇంటివద్ద చదువుకొనుడు’ అని దాటవేయుచుండుట తెలిసినదే. ఆ పుటలను బాలబాలికలిరువురికిని కలిపి చదివి చెప్పినచో పట్టునది ఒక గంట. ఆ గంటలో విన్న బాలిక రేపు తన తల్లికి కాపడమును, మాత్రను, ఎండలో ఆరవేసిన గుడ్డను గూర్చి చెప్పగలదు; సంచి తీయింపుమన్నవానిని ఎందుకని అడుగగలదు. ఆ గంటలో విన్న బాలుడు గుడ్డలు ఆరవేయుటకు పెరటిలో ఎండ తగులు తీగను తానే కట్టగలడు.